మ్యూరా: ఇంజిన్, గేర్‌బాక్స్ ఆయిల్ విడగొట్టాలా, వద్దా?

ట్రాన్స్‌వర్స్12:
లాంబోర్గినీ స్పోర్ట్స్ కారు మ్యూరా తొలి మోడళ్లు పి400, ఎస్‌లలో అడ్డంగా కూర్చోబెట్టిన వి12 (పన్నెండు సిలిండర్ల) ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ఒకే కేసింగ్‌లో ఉంటాయి, ఆయిల్ కూడా ఒకటే. ఆఖరి మోడల్ ఎస్‌వీలో చివర్లో వచ్చిన కార్లకు ఫ్యాక్టరీయే ఆయిల్‌ని విడగొట్టింది (దాన్నే స్ప్లిట్ సంప్ అంటారు). రీబిల్డ్‌కి ఎలాగూ కేసింగ్ తెరుస్తారు కాబట్టి, పాత కార్లకీ అప్పుడే కేసింగ్ కోసి, వెల్డింగ్ చేసి ఆ పని చేయించేయాలని నా వాదన.

పాతచక్రం:
అక్కర్లేదండీ. గేరు పళ్ల రజను బేరింగుల్లోకి పోతుందనే కదా భయం? ఫిల్టర్ ఉన్నదే అందుకు. మంచి 20డబ్ల్యూ-50 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ పోసి, తరచూ మార్చి, డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం పెడితే సరిపోతుంది.

ట్రాన్స్‌వర్స్12:
అయస్కాంతానికి ఇనుము తప్ప ఇత్తడి, అల్యూమినియం అంటవు. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు, ఫిల్టర్‌ని తప్పించి ఆయిల్‌ని పంపే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. పైగా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారి ఊరికే తిరగకుండా ఆపే గేరు అమరిక) పెట్టాలంటే దాని ఆయిల్ వేరు, అది ఇంజిన్‌కి పనికిరాదు. ఒక్క ఆయిల్‌తో రెండు పనులూ ఎలా జరుగుతాయి?

వెబర్‌ప్రియ:
అన్నా, ముందు మంటల సంగతి చూడండి. మ్యూరాలు కాలిపోయింది ఆయిల్ వల్ల కాదు. పెట్రోల్‌ని గాలితో కలిపే నాలుగు మూడు-గొంతుల వెబర్ కార్బురేటర్లు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) పొంగితే పెట్రోల్ ఇంజిన్ మీదే నిలుస్తుంది. ఆ తర్వాత ఒక్క బ్యాక్‌ఫైర్ (మంట వెనక్కి కార్బురేటర్లోకి తన్నడం) చాలు. కార్బురేటర్లోకి పెట్రోల్ రాకను అదుపు చేసే ఫ్లోట్ లెవెల్, నీడిల్ వాల్వ్ సరిచూడండి, పంపు ప్రెషర్ 3 నుంచి 3.5 పీఎస్‌ఐ దాటనివ్వకండి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి తట్టుకోని పాత పైపులన్నీ మార్చేయండి.

పాతచక్రం:
టాపిక్ ఆయిల్ గురించి. పన్నెండో గారూ, బైపాస్ ఎక్కువగా తెరుచుకునేది చల్లటి ఇంజిన్‌ని రేజ్ చేస్తేనే. ఆయిల్ వేడెక్కేదాకా 3,000 ఆర్‌పీఎం దాటకపోతే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. తీసిన ఫిల్టర్‌ని కోసి, కాగితం మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పిండి ఎండలో చూడండి. లోహపు తళుకు కనిపిస్తే అప్పుడు గేర్‌బాక్స్ తెరవండి. ఏమీ కనిపించకుండానే కేసింగ్ కోస్తారా?

ట్రాన్స్‌వర్స్12:
తళుకు కనిపించేసరికే బేరింగులు గీసుకుపోయి ఉంటాయి! మీ ఉపాయమంతా కారు నడపకుండా దాచుకునేవాళ్లకి.

పాతచక్రం:
నోరు అదుపులో పెట్టుకోండి. స్ప్లిట్ సంప్ అని చెప్పి అమ్మిన ఒక కారులో, లోపల సీలు దాటి రెండు ఆయిళ్లూ కలిసిపోయాయి. వెల్డింగ్ చేసిన ఆ కేసింగ్‌ని మళ్లీ మామూలు చేసే దారి లేదు. మొత్తం 760 చిల్లర కార్లే తయారయ్యాయి. కోసిన ప్రతి కేసింగూ శాశ్వతంగా పోయినట్టే.

ముక్కుబరువు:
ఇద్దరూ ఆయిల్ పేరు చెప్పి వేరే గొడవ పడుతున్నారు. ఒకరికి కారు హైవే మీద ఉరకాలి, ఇంకొకరికి 1960లలో సంతాగతాలోని లాంబోర్గినీ ఫ్యాక్టరీలో ఎలా తయారుచేశారో అలాగే మిగలాలి.

ట్రాన్స్‌వర్స్12:
అవును, నాకు నడవాలి. లాంబోర్గినీ ఇంజినీర్లు స్టాంజానీ, దల్లారా దీన్ని మ్యూజియం కోసం గీయలేదు.

పాతచక్రం:
నడపండి, ఎవరు కాదన్నారు? పాత కేసింగ్‌ని కోయకుండా భద్రపరచి, వేరే కేసింగ్ మీద ఆ పని చేయించండి. ఫ్యాక్టరీ నంబరున్న అసలు ఇంజిన్ మీద రంపం పెట్టకండి, అంతే.

ట్రాన్స్‌వర్స్12:
వేరే కేసింగ్ ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో ముందు అది చెప్పండి.