ఘాట్ ఎక్కేసరికి రేడియేటర్ ఫ్యాను ఆగిపోతోంది, వైరింగులో ఎక్కడ వెతకాలి?

నౌపడ_ఉప్పులోడు:
బండి 12 వోల్టుల చిన్న డీజిల్ పికప్. నౌపడ నుంచి కొరాపుట్‌కు ఉప్పు వేస్తుంటాను. సాలూరు దాటి సుంకి ఘాట్ సగం ఎక్కేసరికి వేడి ముల్లు ఎర్రగీతకు చేరుతోంది. దిగి చూస్తే ఫ్యాను తిరగదు. పావుగంట ఆగితే దానంతట అదే మొదలవుతుంది. రిలే (చిన్న కరెంటుతో ఫ్యాను పెద్ద కరెంటును కలిపే స్విచ్), వేడిని పసిగట్టే సెన్సర్, చివరికి ఫ్యాను కూడా మార్చాను. ఏడు వేలు పోయాయి, జబ్బు పోలేదు. ఫ్యూజు కాలడం లేదు. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఫ్యాను చప్పుడు మందగిస్తుంది. ఇంకొక సందేహం: తాళం తీశాక కూడా ఫ్యాను రెండు మూడు నిమిషాలు తిరుగుతోంది, బ్యాటరీకి ప్రమాదమా?

పలాస_పికప్:
అన్నా, నేను ఆరు నెలలు ఈ బాధ పడ్డాను. సెన్సర్‌ను నమ్మడం మానేసి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి డ్యాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టించాను. ఘాట్ రాగానే వేస్తాను, దిగాక తీస్తాను. జీడిపప్పు లోడుతో ఒడిశా ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు.

రాజాం_రవాణా:
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. మా రెండో బండికి ఇలాగే స్విచ్ పెట్టించాం. డ్రైవరు ఒక్క రోజు వేయడం మరిచిపోయాడు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజను విప్పి కట్టడానికి ముప్పై ఎనిమిది వేలు అయింది. పైగా ఆ ఫ్యాను 15, 20 ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు. ఆరు ఆంపియర్ల చిన్న స్విచ్ ఆ భారాన్ని ఎలా మోస్తుంది? స్విచ్ తప్పదనుకుంటే రిలేను పనిచేయించే చిన్న కరెంటు వైపు, అంటే కాయిల్‌కు పెట్టుకోండి, ఫ్యాను కరెంటు రిలేలోనే పోవాలి.

పలాస_పికప్:
మీ డ్రైవరు మరిచిపోతే అది వైరింగు తప్పు కాదు గదా.

బొబ్బిలి_ఆటో_ఎలక్ట్రీషియన్:
26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నేను చెప్పేది శ్రద్ధగా వినండి. వోల్టులు చూసే మీటరు పక్కన పెట్టండి. వంద పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఫ్యాను మాత్రం తిరగదు. ఇండికేటర్‌కు వేసే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి ఫ్యాను ప్లగ్గు దగ్గర పెట్టండి. నిండుగా వెలిగితే వైరు పూర్తిగా తెగలేదు, మసకగా వెలిగితే లోపల తెగుతోంది. నేను ఎన్నో బండ్లు ఈ బల్బుతోనే బాగుచేశాను.

చీపురుపల్లి_కుర్రాడు:
గురువుగారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ ఈ మాట విని ఎవరైనా ఆ బల్బును ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టె) వైరుకు పెడితే వారి గతి ఏమిటి? నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. రిలే కాయిల్ లాగేది 0.2 ఆంపియర్ల లోపు. మీ బల్బు లాగేది దాదాపు 1.8. ఒక షెడ్డులో బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు తీసి, ఈసీయూ రిలేకు నెగెటివ్ ఇచ్చే వైరుకు పెట్టారు. ఆ రోజుతో ఈసీయూ లోపల ఆ వైరును నడిపే భాగం కాలిపోయింది. కొత్త ఈసీయూకు నా మూడు నెలల వాయిదా డబ్బు పోయింది.

బొబ్బిలి_ఆటో_ఎలక్ట్రీషియన్:
నేను ఫ్యాను ప్లగ్గు దగ్గర అన్నాను. ఈసీయూ వైరు అని ఎక్కడ రాశాను? చదవకుండా నింద వేయకండి. ఎవరో చేతకానివాడు చేసిన పనికి నా బల్బును తిట్టడం న్యాయం కాదు.

చీపురుపల్లి_కుర్రాడు:
మీకు తెలుసు, చదివే వారందరికీ తెలియదు. హెచ్చరిక లేకుండా సలహా ఇవ్వడమే నా అభ్యంతరం.

గజపతినగరం_లారీ:
మా పెద్ద లారీకి ఈ గొడవే లేదు, ఫ్యాను ఇంజనుతోనే తిరుగుతుంది. ముందు రేడియేటర్‌లో ఏ నీరు పోస్తున్నారో చెప్పండి. బోరు నీరు పోస్తే సెన్సర్ మొనకు తెల్లటి పెచ్చు కడుతుంది, వేడి ఆలస్యంగా తెలుస్తుంది. కూలెంటే పోయాలి.

పలాస_పికప్:
కూలెంట్ ధర ఎంతో తెలుసా మీకు?

గజపతినగరం_లారీ:
హెడ్ గ్యాస్కెట్ ధర ఇప్పుడే పైన చదివాను.

టెక్కలి_గ్రానైట్:
అసలు మాట ఎవరూ పట్టించుకోలేదు. హెడ్‌లైట్లు వేస్తే ఫ్యాను మందగిస్తుందని ఆయన రాశారు. అంటే రెండింటికీ ఎర్తు (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి) ఒక్కటే, అది చెడి ఉండవచ్చు. తమ్ముడూ, ఫ్యాను తిరుగుతుండగా మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో మొన ఫ్యాను నల్ల వైరు మీద పెట్టు. 0.2 వోల్టుల లోపు ఉండాలి. ప్లస్ వైపూ ఇలాగే చూడు, అక్కడ రిలే, ఫ్యూజు కలిపి అర వోల్టు దాటకూడదు. ఫ్యాను ఆగినప్పుడు నల్ల వైరు మీద 12 దగ్గర వస్తే ఎర్తు పూర్తిగా విడిపోయినట్లే. కొత్త ఫ్యాను ఏ వైపు తిరుగుతోందో కూడా చూడు. వైర్లు తారుమారైతే గాలి ఎదురు తంతుంది.

నౌపడ_ఉప్పులోడు:
టెక్కలి అన్నా, నిన్న సాయంత్రం చూశాను. 2.3 వోల్టులు వచ్చింది. నల్ల వైరు వెంట చెయ్యి పెట్టుకుంటూ వెళితే రేడియేటర్ కింద ఛాసిస్‌కు బిగించిన బోల్టు దగ్గర ఆగింది. రింగు లగ్గు (వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు రింగు) నిండా పచ్చటి చిలుము, దాని కింద తుప్పు. ఏళ్ల తరబడి ఉప్పు నీరు కారింది అక్కడికే. లగ్గు కొత్తది వేసి, ఇనుము మెరిసేదాకా ఇసుక కాగితంతో రుద్ది, బిగించి గ్రీజు పూశాను. ఇప్పుడు 0.1. హెడ్‌లైట్లు వేసినా చప్పుడు మారలేదు. ఈ రోజు ఘాట్ ఎక్కాను, ముల్లు సగం దాటలేదు. ఏడు వేల సామాను మార్చాను, పోయింది ఒక్క లగ్గు. తాళం తీశాక తిరగడం గురించి ఎవరూ చెప్పలేదు.

బొబ్బిలి_ఆటో_ఎలక్ట్రీషియన్:
రెండు మూడు నిమిషాలు అయితే చాలా బండ్లలో కంపెనీ పెట్టిన పద్ధతే, బ్యాటరీకి ఏమీ కాదు. పది నిమిషాలైనా ఆగకపోతే రిలే మీద వేలితో తట్టు. అప్పుడు ఆగితే లోపలి కాంటాక్టులు అతుక్కుంటున్నాయి, అదే రోజు మార్చెయ్యి. ఉప్పు లోడు దించాక బండి కింద మంచి నీటితో కడగడం మానకు.