‘రోగం కుదర్చడం’ వైద్యమా, దెబ్బలా?

పోస్టు:

అందరికీ నమస్కారం. ఒక అనువాదంలో ఇరుక్కుపోయి మీ దగ్గరికి వచ్చాను. హింసను శాంతిభద్రతల సమస్యగానే కాక ప్రజారోగ్య సమస్యగా కూడా చూడాలని చెప్పే వ్యాసం అది. ఆలోచన కొత్తదేం కాదు. 1996లోనే ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద తీర్మానం చేసింది, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద నివేదిక తెచ్చింది. నేను ఒకచోట ‘సమాజానికి పట్టిన ఈ రోగాన్ని కుదర్చాలి’ అని రాశాను. చదివి మా చెల్లెలు ఒకటే నవ్వు. ‘కర్ర ఎక్కడ పెట్టావక్కా?’ అంది.

నిజమే కదా. ‘నీ రోగం కుదురుస్తా ఉండు’ అంటే మందిస్తారని ఎవరూ అనుకోరు. వ్యాసమేమో కర్ర కింద పెట్టమంటోంది, నా వాక్యం కర్ర ఎత్తినట్టుంది. ‘నయం చేయాలి’ అని మార్చేస్తే గొడవ వదిలిపోతుంది గానీ, వైద్యం మాట తన్నుల మీదికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

ఇంకో చిక్కు. గ్యారీ స్లట్‌కిన్ అనే అంటువ్యాధుల డాక్టరు సోమాలియాలో క్షయ, కలరా మీద పనిచేసి 1990ల మధ్యలో షికాగోకు తిరిగొచ్చాడు. అక్కడ కాల్పులు జరిగిన చోట్లను మ్యాపు మీద చూస్తే కలరా మ్యాపులాగే గుంపులు గుంపులుగా కనిపించాయి. ఒకడు కాలిస్తే వాడి మీదికి ఇంకొకడు, అలా పాకుతోంది. 2000లో వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ అనే పేటలో పని మొదలైంది. ఒకప్పుడు ముఠాల్లో తిరిగినవాళ్లకే, జైలుకెళ్లి వచ్చినవాళ్లకే ఉద్యోగాలిచ్చారు. ఎవరు ఎవరి మీద రగిలిపోతున్నారో పసిగట్టి, తుపాకీ బయటికి రాకముందే వెళ్లి ఆపడం వాళ్ల పని. పేరు ‘వయొలెన్స్ ఇంటరప్టర్స్’. తెలుగులో ఏమందాం? ‘హింసా నిరోధకులు’ అంటే టీకా సీసా మీది మాటలా ఉంది.

వ్యాఖ్య (రిటైరైన తెలుగు మాస్టారు):

అమ్మా, ముందు ‘కుదురు’ చూడు. గుండ్రటి అడుగున్న కుండ నేల మీద నిలవదు, దొర్లిపోతుంది. దాని కింద ఎండుగడ్డితోనో తాడుతోనో చుట్టి పెట్టే చక్రమే కుదురు. చుట్టకుదురు అనీ అంటారు. ‘కుదురుగా కూర్చో’, ‘జ్వరం కుదుటపడింది’, ‘పెళ్లి కుదిరింది’, ‘బేరం కుదర్లేదు’ అన్నీ ఆ చుట్టూ తిరిగే మాటలే. దొర్లేదాన్ని నిలబెట్టడమన్నమాట. అంటే రోగం కుదరడంలో మొదట దెబ్బ లేదు. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి’ అన్న సామెత వినే ఉంటావు. అక్కడ కుదరడమంటే అచ్చంగా నయం కావడమే.

దెబ్బలు వెటకారంలోంచి వచ్చాయి. మనవాళ్లకు తన్నులకు మంచి పేర్లు పెట్టడం సరదా. దేహశుద్ధి, బడితెపూజ. పేపర్లో ‘దొంగకు దేహశుద్ధి’ అని చదివి వాడికి స్నానం చేయించారని అనుకుంటామా? రోగం కుదర్చడం కూడా ఆ వరసలోదే.

వ్యాఖ్య (క్యాజువాల్టీలో పనిచేసే నర్సు):

మాస్టారూ, మా దగ్గర ‘ట్రీట్‌మెంట్’ కూడా ఆ వరసలో చేరిపోయింది. ‘స్టేషన్లో బాగా ట్రీట్‌మెంట్ ఇచ్చారు మేడమ్’ అని చెప్పుకుంటూ వస్తారు, మేం మళ్లీ అసలు ట్రీట్‌మెంట్ ఇస్తాం.

ఒక ఆదివారం రాత్రి ఇరవై ఏళ్ల కుర్రాడికి తలకు ఏడు కుట్లు వేశాం. బాబాయి కొడుకులు నలుగురు గేటు దగ్గర బైకులు ఆపుకుని, ‘ఈ రాత్రికే వాడి రోగం కుదురుస్తాం’ అని ఫోన్లలో అరుస్తున్నారు. మా వార్డుబాయ్, ఆ పేటవాడే, వెళ్లి వాళ్లను టీ తాగడానికి తీసుకుపోయాడు. గంటన్నర తర్వాత ఇద్దరు ఇళ్లకు వెళ్లిపోయారు, ఇద్దరు బెంచీ మీద నిద్రపోయారు. ఆ రాత్రి రెండో కేసు రాలేదు. షికాగో సంగతి చదువుతుంటే అతనే గుర్తొచ్చాడు. అతని పనికి మాకు పేరు లేదు, జీతంలోనూ లేదు.

వ్యాఖ్య (కర్నూలు నుంచి):

మా పక్క దీనికి మాట ఉందక్కా, ‘అడ్డం పడటం’. ‘నువ్వు అడ్డం పడకపోతే వాళ్లు చంపుకునేవాళ్లు’ అంటాం. ‘అడ్డం తిరగడం’ వేరు, అది మాట తప్పడం. తడబడితే అర్థం తలకిందులు. ఫ్యాక్షన్ ఊళ్లలో పెద్దమనుషులు చేసేది ‘రాజీ కుదర్చడం’. ఇప్పుడే తట్టింది, రెండు చోట్లా అదే ‘కుదర్చడం’! రోగం కుదిర్చేవాడు ఒకడు, రాజీ కుదిర్చేవాడు ఒకడు.

పోస్టు పెట్టినవారు:

తమ్ముడూ, చంపేశావు. వ్యాసమంతా ఈ ఇద్దరి గురించే! సైన్యాన్ని దించిన చోట్ల గురించి పెద్ద భాగం ఉంది. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 2008 నుంచి బస్తీల్లో పెట్టిన పోలీసు దళాల పేరులోనే ‘శాంతింపజేయడం’ ఉంది. అదీ నిలవక 2018 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర భద్రత మొత్తాన్ని ఒక ఆర్మీ జనరల్ చేతిలో పెట్టారు. హత్యలు కొంత తగ్గాయి. పోలీసుల చేతుల్లో చనిపోయినవాళ్లు మాత్రం ఆ ఒక్క ఏడాదే 1,500 దాటారు. వాళ్లను ఏ లెక్కలో రాయాలి? రోగంలోనా, వైద్యంలోనా?

వ్యాఖ్య (దుబాయ్ నుంచి):

మేడమ్, నేను ఒప్పుకోను. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం సంగతేంటి? 2015లో లక్ష మందికి వందకు పైగా హత్యలు. 2022 మార్చిలో ఎమర్జెన్సీ పెట్టి, సైన్యాన్ని రోడ్ల మీదికి తెచ్చి ముఠాలన్నిటినీ లోపలేశారు. 2023కి ప్రభుత్వ లెక్క లక్షకు 2.4. రోగం కుదిరిందా లేదా?

పోస్టు పెట్టినవారు:

లెక్క కాదనను. రాత్రి దుకాణం తెరిచి పెట్టుకోగలుగుతున్నవాడికి ఆ 2.4 చిన్న విషయం కాదు. కానీ జనాభాలో నూటికి ఒకరికి మించి జైల్లో ఉన్నారు, అందులో ఏ పాపమూ తెలియనివాళ్లూ ఉన్నారు. రోగిని గదిలో పెట్టి తాళం వేస్తే బయట అంటుకోదు, సరే. లోపల ఉన్నవాడి సంగతి? అందుకే అక్కడ ‘కుదిరింది’ అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, ‘అణిగింది’ అని రాశాను.

ఇంకో దారీ ఉంది. కొలంబియాలోని కాలీకి రోడ్రిగో గెరెరో అనే డాక్టరు 1992లో మేయరయ్యాడు. హత్యలు ఏ రోజు, ఏ వేళ, ఎవరు తాగి ఉండగా జరిగాయో వారం వారం లెక్కలు తీయించాడు. జీతాలొచ్చే వారాంతాల్లో, సెలవుల్లో తుపాకీ పట్టుకు తిరగడం మీద నిషేధం పెట్టారు. నిషేధం ఉన్న రోజుల్లో హత్యలు 14 శాతం తక్కువని తర్వాతి అధ్యయనంలో తేలింది. సాల్వడార్ అంకెల పక్కన పెడితే వెలవెలబోతుంది, నిజమే. కానీ దాని కోసం ఎవరినీ కొట్టలేదు.

వ్యాఖ్య (నల్లగొండ నుంచి):

అణగడం బాగుందక్కా. సైన్యం మాటల్లో ఇంకో తమాషా చూడండి. మా తాత లెక్కలన్నీ ‘పోలీస్ యాక్షన్‌కు ముందు, తర్వాత’ అనే. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా హైదరాబాద్ మీదికి వచ్చింది ట్యాంకులతో సైన్యం, పేరు మాత్రం పోలీసు చర్య. సైన్యంలో దాని పేరు ఆపరేషన్ పోలో. మా నాయనమ్మకు ఆపరేషనంటే కంటి శుక్లాలే.

వ్యాఖ్య (మాస్టారు):

ఆపరేషన్ ఇంగ్లీషు కాబట్టి రెండు అర్థాలు అనుకోకు నాయనా. మన ‘శస్త్రచికిత్స’లో ముందున్నదేమిటి? శస్త్రం చేత పట్టి కొట్టేది, అస్త్రం విసిరేది. డాక్టరు చేతిలోనూ, సైనికుడి చేతిలోనూ ఉన్న ఇనుముకు ఒకటే పేరు.

పోస్టు పెట్టినవారు:

అందరికీ ధన్యవాదాలు. ‘రోగం కుదర్చడం’ ఒక్క సైన్యం భాగంలోనే ఉంచాను, అక్కడ అది కావలసిన కారమే. ఇంటరప్టర్స్‌ను మొదటిసారి ‘గొడవకు అడ్డం పడి రాజీ కుదిర్చేవాళ్లు’ అని విడమర్చి, తర్వాత ‘అడ్డంపడేవాళ్లు’ అన్నాను. ఎడిటర్ ఫోన్ చేశారు. ఇది మరీ ఊరి మాటలా ఉంది, సంస్కృతంలో ఏమైనా ఉందా అని అడిగారు. లేదండీ అన్నాను.

వ్యాఖ్య (నర్సు):

‘అడ్డంపడేవాళ్లు’ అని ఈ రాత్రి మా వార్డుబాయ్‌కి చెప్తాను. కర్నూలు తమ్ముడూ, ‘తిరిగేవాళ్లు’ అని నోరు జారితే క్షమించు.