మిషన్ గెలిచినా సైనికుడు ఎందుకు తిరిగి రాలేదు?

ఎక్స్‌కామ్ 2 (గ్రహాంతరవాసులపై సైనికుల జట్టును వంతులవారీగా నడిపే వీడియో గేమ్) కొత్తగా ఆడుతున్నాను, ఒక విషయం అంతుపట్టడం లేదు. నిన్న ఒక మిషన్‌లో ఆరుగురితో దిగాను. వీఐపీని కాపాడి, ఎవాక్ జోన్ (మనవాళ్లను విమానం ఎక్కించుకునే చోటు) నుంచి బయటపడాలి. చివర్లో నా స్నైపర్ రక్తం కారుతూ పడిపోయింది. మెడికిట్‌తో స్టెబిలైజ్ చేశాను, ప్రాణం నిలిచింది కదా అని మిగతా ఐదుగురినీ, వీఐపీనీ ఎక్కించేశాను. మిషన్ సక్సెస్ అని గేమ్ చూపించింది, కానీ స్నైపర్ శత్రువులకు చిక్కిందట!

అంతకుముందు ఇంకో మిషన్‌లో ఒకడు ఇలాగే పడిపోయాడు. అక్కడ శత్రువులందరినీ చంపేశాను, వాడు గాయాలతో ఇంటికి వచ్చేశాడు. అంటే తేడా ఎవాక్ దగ్గరే ఉందా? స్పృహ లేనివాళ్లను ఎవరో ఒకరు భుజాన మోసుకుని జోన్‌లోకి తేవాల్సిందేనా? మోసేవాడు కాల్చలేడు కాబట్టి, మిషన్ టైమర్‌లో రెండు టర్న్‌లే (వంతులే) మిగిలి ఉన్నప్పుడు మీరైతే ఏం చేస్తారు?

చిక్కినవాళ్లను తర్వాత విడిపించే మిషన్ వస్తుందా, లేక ఆశ వదులుకోవాలా? ఐరన్‌మ్యాన్‌లో (ఒకే సేవ్ ఉండే మోడ్) ఆడుతున్నాను, పాత సేవ్ లేదు. ఆ అమ్మాయి కర్నల్ ర్యాంకు అండీ, కొత్తవాళ్లను మళ్లీ అంత దాకా తేవాలంటే నా వల్ల కాదు.