భక్తిగల తల్లి గురించి చెప్పేటప్పుడు రిస్పాను తీసుకోవచ్చా?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మదర్స్ డే ఆదివారం మా సంఘం స్త్రీల కూడికలో భక్తిగల తల్లి లక్షణాల మీద వాక్యం చెప్పమని పాస్టరమ్మ గారు నన్ను అడిగారు. ప్రతి ఏడూ గుణవతియైన భార్యను వర్ణించే సామెతలు 31వ అధ్యాయమే వింటున్నాం. మంచి భాగమే. కానీ కూలికెళ్లి ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న అక్కలకు, పనికత్తెలున్న ఆ ఇల్లు దూరంగా అనిపిస్తుంది.

హన్నాను తప్పకుండా చెబుతాను. మొక్కుకున్నట్టే కొడుకు సమూయేలును పాలు మాన్పించాక షిలోహులోని దేవుని మందిరంలో అప్పగించింది. అయినా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). దేవునికిచ్చేశాక కూడా బిడ్డ కొలత మరవని తల్లి! తిమోతి తల్లి యునీకే కూడా ఉంది: భర్త గ్రీసు దేశస్థుడు, అయినా తిమోతికి చిన్ననాటి నుంచే లేఖనాలు తెలుసు.

నా సందేహం సౌలు రాజు ఉపపత్ని రిస్పా గురించి. 2 సమూయేలు 21లో, చంపబడ్డ తన ఇద్దరు కొడుకుల శవాల దగ్గర బండ మీద గోనెపట్ట పరచుకుని, కోతకాలం మొదలు వాన పడేదాకా పగలు పక్షుల్ని, రాత్రి అడవి మృగాల్ని రానివ్వలేదు. ఆ సంగతి విని దావీదు వారి ఎముకలు పోగు చేయించాడు. ఆమె ప్రార్థించినట్టు మాత్రం అక్కడ రాయలేదు. మరి ఆమెను భక్తిగల తల్లి అనవచ్చా? బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు మా కూడికలో ఉన్నారు. వాళ్లకిది ఓదార్పవుతుందా, గాయం రేపుతుందా? ఈ భాగం బోధించినవారు, విన్న తల్లులు దయచేసి చెప్పండి. విశ్వాసం వదిలేసిన పిల్లల కోసం కన్నీళ్లతో ప్రార్థించే తల్లులకు మీరు ఏ వాక్యం చూపిస్తారో కూడా రాయండి.