రాత్రిపూట లోడు ఆపి పట్టా విప్పమంటే విప్పాల్సిందేనా?

బొలెరో డ్రైవరు:
అన్నలూ, నాది కిరాయి పికప్. మొన్న రాత్రి రెండింటికి పాత సామాన్ల కొట్టు నుంచి రాగి తీగ, కాలిపోయిన బోరు మోటార్లు వేసుకుని వస్తుంటే పోలీసులు ఆపారు. పట్టా విప్పమన్నారు. "వారంటు ఉందా సార్?" అన్నాను. అంతే, రెండు గంటలు నిలబెట్టి, సేటుకు ఫోన్ చేయించి వదిలారు. నా దగ్గర కాటా చీటీ ఒక్కటే ఉంది. అసలు వాళ్లకు ఆ అధికారం ఉందా? బండి స్టేషన్‌లో పెట్టేస్తే ఈఎంఐ ఎవరు కడతారు?

లాయరు:
ఉంది తమ్ముడూ. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. దొంగసొత్తని అనుమానం కలిగిన వస్తువును ఏ పోలీసు అధికారైనా 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు, వారంటు అక్కర్లేదు. కింది అధికారి అయితే వెంటనే స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి (ఎస్‌హెచ్‌ఓ) చెప్పాలి. దర్యాప్తులో భాగంగా సోదా చేస్తే 185 వర్తిస్తుంది, కారణాలు ముందు రాసుకోవాలి. చట్టంలో 'స్థలం' అంటే వాహనం కూడా. బోరు మోటార్ల తీగలు ఎలా పోతున్నాయో రైతులను అడుగు. అర్ధరాత్రి అదే సరుకు కనిపిస్తే అనుమానపడరా మరి?

కానీ ఊరికే ఎత్తుకుపోవడం కుదరదు. 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తోనైనా సరే. తీసుకున్న వస్తువులన్నీ జాబితా రాసి సాక్షుల సంతకాలు పెట్టించాలి. పంచనామా నకలు అడుగు. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు.

పాత లారీ ఓనరు:
రోడ్డు మీద సెక్షన్లు మాట్లాడితే తెల్లారిపోతుంది బాబూ. కాగితాలు చూపించు, పని అవుతుంది. కాటా చీటీ బరువు చెబుతుంది గానీ సరుకు ఎవరిదో చెప్పదు. అమ్మినవాడి బిల్లు, కొన్నవాడి ఫోన్ నంబరు, లోడు ఎక్కిస్తున్నప్పటి ఫొటో దగ్గరుంచుకో. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం, కావాలి. రాగి ధరకు వంద కిలోలుంటే చాలు, దాటిపోతుంది.

బొలెరో డ్రైవరు:
ఈ-వే బిల్లు లేదని పోలీసులే ఫైన్ వేస్తారా అన్నా?

లాయరు:
జీఎస్టీ జరిమానా పన్నుల శాఖవాళ్ల పని. పోలీసులు వాళ్లకు కబురు పెట్టొచ్చు. ఎవరైనా అక్కడికక్కడే డబ్బు కట్టమంటే రసీదు అడుగు.

బండి పట్టుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర విడుదలకు పిటిషన్ వేయాలి. బండ్లను నెలల తరబడి స్టేషన్లలో తుప్పు పట్టించవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. దర్యాప్తుకు అవసరం లేదనుకుంటే పోలీసులే బాండు రాయించుకుని ఇచ్చే వీలు 106లో ఉంది.

నీ మీద కేసు నిలబడాలంటే అది దొంగసొత్తని నీకు తెలిసుండాలి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండాలి. నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అందుకే కిరాయి మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజీలు చెరిపేయకు.

బొలెరో డ్రైవరు:
సేటును బిల్లు అడిగాను సార్. "పాత సామానుకు బిల్లేంట్రా" అని నవ్వాడు.

పాత లారీ ఓనరు:
అయితే ఆ లోడు ఎక్కించకు.