రాత్రయ్యేసరికి అన్నం మీదకే మనసు పోతోంది, ఏం చేయాలి?

నమస్కారమండీ, మాది విజయనగరం. మొన్న రక్తపరీక్షలో, రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అని, బరువు తగ్గితే షుగర్ అదుపులోకి రావొచ్చని డాక్టరు గారు చెప్పారు. మందులేమీ రాయలేదు.

పగలు ఇబ్బంది లేదు. పొద్దున మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కూర ఎక్కువ, అన్నం తక్కువ. చోళ్లలోనూ పిండిపదార్థం బాగానే ఉంటుందని తెలుసు, అందుకే ఒక్క గ్లాసుతో ఆపేస్తున్నాను.

కష్టమంతా రాత్రిపూటే. ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అత్తయ్య గంజి వారుస్తూ ఉంటారు. ఆ ఆవిరి వాసనకే నోరూరిపోతుంది. ఇక మూకుట్లో దిబ్బరొట్టె వేసిన రోజైతే, ఎర్రగా కాలి కరకరలాడే ఆ అంచు చూస్తూ నన్ను నేను ఆపుకోవడం చాలా కష్టం. రెండు పుల్కాలు తింటే కడుపు నిండుతుంది గానీ తృప్తి ఉండదు. పడుకోబోయే ముందు మళ్లీ అన్నం గిన్నె గుర్తొస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో నా కోసం అందరినీ అన్నం మానేయమనలేను కదా.

ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి. రాత్రి అన్నం పూర్తిగా మానేశారా, ఒక గరిటెడు ఉంచుకున్నారా? సాయంత్రం ఉలవ గుగ్గిళ్లో, ఉడికించిన శనగలో తింటే ఆ యావ తగ్గిందా? ముందు కూర, పప్పు తిని చివర్లో అన్నం తినే పద్ధతి మీకు పనిచేసిందా?