‘చెమ్ బగాతి, తెమ్ ఇ రాది’: తెలుగులో ఎలా అనాలి?

రష్యాలో భోజనానికి పిలిచినవారు బల్ల దగ్గర కూర్చోబెట్టి తరచూ అనే మాట ఇది. ‘దేనితో సంపన్నులమో దానితోనే సంతోషం’ అని అర్థం. వాక్యంలో ‘మేము’ లేదు, ‘ఉన్నాము’ లేదు. వర్తమానంలో ‘ఉండు’ క్రియ లేకుండా వాక్యం నడవడం మనకూ అలవాటే కాబట్టి వ్యాకరణంతో పేచీ లేదు. చిక్కంతా భావం దగ్గరే.

యారొస్లావ్ల్‌లో నన్ను పిలిచిన ఇంట్లో గుమ్మంలోనే బూట్లు విప్పించి, అతిథుల కోసం ఉంచిన మెత్తటి చెప్పులు ఇచ్చారు. బల్ల మీద చెయ్యి పెట్టే చోటు లేదు. సోయకూర, వెల్లుల్లి వేసి ఉప్పునీటిలో ఊరబెట్టిన దోసకాయలు, పుల్లటి మీగడ వేసిన పుట్టగొడుగులు, వేడి పెల్మెనీలు, అంటే మాంసం కూరి ఉడికించిన పిండి ఉండలు, ఇంకా ‘షూబా’. అంటే బొచ్చుకోటు. గరిటెతో తీస్తే అడుగున ఉప్పుచేప, దాని మీద బంగాళాదుంప, క్యారెట్, అన్నిటినీ కప్పుతూ ఊదారంగు బీట్‌రూట్. దోసకాయలు వాళ్ళ దాచాలో, అంటే ఊరి బయటి తోట ఇంట్లో, కాసినవే. అవన్నీ చూపిస్తూ ఇంటావిడ ఈ మాట అన్నారు. ఆ గొంతులో మొహమాటం లేదు.

‘ఏదో ఉన్నంతలో పెట్టాం’ అంటే క్షమాపణ వినిపిస్తుంది. ‘కలో గంజో’ అంటే లేమి ముందుకొస్తుంది. మీరేమంటారు?

జవాబు:
‘మా ఇంట పచ్చడి మెతుకులు తిని వెళ్ళండి’ అనవచ్చు కదండీ. పిండివంటలతో విస్తరి నింపి కూడా మన పెద్దలు అలాగే అంటారు. రష్యన్ మాటకూ మూలం ‘ఖ్లెబ్-సోల్’, రొట్టె-ఉప్పు అనే భావనలోనే ఉందనిపిస్తుంది. గౌరవనీయ అతిథికి కుట్టుపని చేసిన తువ్వాలు మీద గుండ్రటి రొట్టె, దాని మీద ఉప్పుగిన్నె పెట్టి ఎదురొస్తారు. అతిథి ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని తినాలి. కొత్త దంపతులకూ ఇదే స్వాగతం. ఆతిథ్యానికి వాళ్ళు వాడే ‘ఖ్లెబసోల్స్త్వ’ అన్న మాటలోనూ ఆ రెండే ఉన్నాయి.

మళ్ళీ నేను:
పచ్చడి మెతుకులు చాలా దగ్గరికి వచ్చిందండీ, ధన్యవాదాలు. అయితే అందులో ఉన్నదాన్ని తగ్గించి చెప్పే వినయం ఉంది. రష్యన్ మాట తగ్గించదు, పెంచదు, ఉన్నదాన్ని చూసుకుని సంతోషిస్తుంది. చివరి పదం ‘రాది’కి అర్థమే సంతోషం. దాన్ని వదిలితే అనువాదం కుంటుతుంది. అందుకని ‘మాకు కలిగిందే మీకు పెడుతున్నాం, అదే మాకు ఆనందం’ అందామనుకుంటున్నాను.

దీనితోపాటే ఇంకొకటి. ‘నా జ్దరోవ్యే’ అని గ్లాసు ఎత్తేవాళ్ళు విదేశీయులే. రష్యన్లు గ్లాసు ఎత్తి ‘జా వాషె జ్దరోవ్యే’, మీ ఆరోగ్యం కోసం అంటారు, లేదా ‘జా ఫ్‌స్త్రేచు’ అని ఆ కలయిక పేరున తాగుతారు. ‘నా జ్దరోవ్యే’ మాత్రం, తిన్నవారు ‘స్పసీబ’, అంటే ధన్యవాదాలు, అన్నప్పుడు పెట్టినవారు ఇచ్చే జవాబు. తిన్నది మీ ఆరోగ్యానికి పనికిరావాలని. దీనికి తెలుగు వెతుక్కోనక్కర్లేదు: ‘ఒంటపట్టాలి’.